అక్కకు కాపలా

నంద్యాలలో ఆపరేషన్ కాన్పయి, ఆడపిల్లనెత్తుకుని అక్క ఆళ్లగడ్డకు మా ఇంటికి వచ్చిన రోజే అమ్మ నాకు పని అప్పజెప్పింది.

"అది మంచం దిగకుండా చూసుకో. బాలింత నేలమీద తిరిగితే గాలి కొడతాది. నీళ్లు గూడా అడిగినన్ని పోయొద్దు."

చెవుల్లో దూది, తలకు గుడ్డ, పొట్టకు బిగించిన పాత చీర. మంచం పక్కనే చాప వేసుకుని నేను కాపలా కూర్చున్నాను.

అక్క కుదురుగా ఉండే మనిషి కాదు. వీధిలో శిల్పులు రాళ్లు చెక్కే చప్పుడు వినపడితే చాలు, "ఒక్కసారి వాకిలిదాకా పోయొస్తానే" అని బతిమాలేది. నేను అమ్మకంటే నాలుగాకులు ఎక్కువ చదివినట్టు గదమాయించేదాన్ని.

"యాడికి పోతాండావ్? పండుకో!"

నవ్వి పండుకునేది.

తొమ్మిదో రోజు ఎడమ పిక్క లాగుతోందంది. సాయంత్రానికి కాలు వాచి, ముట్టుకుంటే వేడిగా ఉంది. నంద్యాలకు పోదామన్నాను.

"బాలింత వాతం అది. నేను ఎరగందా?" అని అమ్మ ఆముదం వెచ్చజేసి నా చేతికిచ్చింది. రెండు రోజులు నేనే రుద్దాను. అక్క పళ్లు బిగబట్టి ఓర్చుకుంది.

పదకొండో రోజు పొద్దున పాపకు పాలిస్తూ, "ఊపిరాడ్డంల్యా" అని బిడ్డను నా ఒళ్లో పెట్టింది. అంబులెన్సు నంద్యాల చేరేసరికే ప్రాణం పోయింది. కాలిలో గడ్డకట్టిన రక్తం కదిలి ఊపిరితిత్తుల్లో అడ్డం పడిందని డాక్టరు చెప్పాడు.

కాన్పప్పుడు అక్కను చూసుకున్న నర్సు నన్ను పక్కకు పిలిచింది.

"రోజూ నడిపీండి, నీళ్లు బాగా తాపండి, కాలు వాస్తే రుద్దకుండా అప్పుడే తీసుకురాండి అని మీ అమ్మకు ఒకటికి రెండుసార్లు చెప్పినా గదమ్మా. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. కాన్పయి ఆస్పత్రి నుంచి ఇంటికి బయల్దేరిన రోజు నేను లోపల అక్కకు చీర కడుతున్నాను. ఆ మాటలు విన్నది అమ్మ ఒక్కతే.

దినాలయ్యాక అడిగాను. అమ్మ దాచలేదు.

"చెప్పింది. ఆ పిల్లకు ఇంకా పెండ్లే కాల్యా, కాన్పుల గురించి దానికేం తెలుసు? మా అమ్మ నన్ను మూడు కాన్పులకూ ఇట్లనే పండబెట్టె. నాకేమయింది?"

నాకు ఒళ్లు మండిపోయింది. వచ్చిన చుట్టాలందరికీ దిష్టి తగిలిందని చెప్పుకుంటోంది ఈ మనిషే! అమ్మ నన్ను మోసం చేసింది. ఈ మాటను మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. నర్సు చెప్పింది కడుపులోనే దాచుకుని, ఆముదం గిన్నె నాకిచ్చింది. ఇప్పటికీ ఆమె వండింది తింటున్నాను, ఆమె మొహం చూడలేకపోతున్నాను.

అయితే అక్కను మోసం చేసింది మాత్రం నేను. ఆ చివరి పొద్దున, పాప లేవకముందు, "కాలు కిందబెట్టి నిలబడితే తేలికయితాదేమో, రోంత చెయ్యియ్యే" అని చెయ్యి చాపింది. నేను ఆ చేతిని దుప్పటి కిందికి తోసి, మళ్లీ కాపలా కూర్చున్నాను.