అన్న బిగించిన కడ్డీ

అన్న పోయాక ఆయన లారీ నాకు వచ్చింది. నేను సూర్యాపేటలో లెక్కలు చెప్పే మాస్టారిని. లారీలో హారన్ ఎక్కడుంటుందో తప్ప మరేమీ తెలియదు. అదృష్టవశాత్తు అన్న దగ్గర ఏళ్లుగా పనిచేసిన డ్రైవరు బండితోపాటే నా దగ్గరికి వచ్చాడు.

కోదాడ నుంచి మిర్యాలగూడ మిల్లుకు వడ్లు చేరవేయడం దాని పని. ముందు చేరిన బండిదే ముందు వరస. వెనకబడితే రోజంతా ఎండలో కూర్చోవాలి. తన బండిని దాటినవాడు లేడని అన్న పెళ్లి పందిళ్లలో కూడా చెప్పేవాడు.

నేను ఎక్కిన మొదటి ట్రిప్పులోనే హుజూర్‌నగర్ సెంటర్లో ఢామ్మని చప్పుడైంది. టీ తాగుతున్నవాళ్లు మా టైర్లన్నీ లెక్కపెట్టారు. అవి బాగానే ఉన్నాయి. ఊడింది గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో నుంచి ఇంజన్‌కు ఆ గాలి తీసుకెళ్లే గొట్టం. దాన్ని బిగించుకుని, మెల్లగా పోయి వడ్లు దింపి, తిరుగుదారిలో కోదాడ మెకానిక్ దగ్గర ఆగాము.

ఇంజన్ పొగే టర్బోను తిప్పుతుందనీ, గాలి ఒత్తిడి మితిమీరితే పొగను పక్కకు వదిలే చిన్న తలుపు ఒకటి ఉంటుందనీ ఆయన చెప్పాడు. ఆ తలుపును తెరిచేది యాక్చుయేటర్ కడ్డీ. దానికి గేజీ ఉన్న సైకిల్ పంపు తగిలించి కొట్టాడు. కదలాల్సిన ఒత్తిడి దాటినా కడ్డీ కదలలేదు.

"కడ్డీ నట్టు మూడు చుట్లు ఎక్కువ బిగించారండి. బండికి బలమే గానీ, ఇంజన్ పోద్ది."

అన్న చేతి పని అనుకున్నాను. ఆయన రాసిన ఉత్తరం ఒక్కటీ నా దగ్గర లేదు. ఈ నట్టయినా ఉందనిపించింది. ఒక్క చుట్టయినా ఉంచమని అడిగాను. ఉంచితే ఇంజన్‌కు తాను పూచీ పడనన్నాడు మెకానిక్. నేను ఇంకా బతిమాలుతుంటే డ్రైవరు దగ్గాడు.

"అన్న కాదు సార్. గా నట్టు నేనే తిప్పిన."

వడ్ల సీజన్ వచ్చినప్పుడల్లా ఎవరూ చూడకుండా సగం చుట్టు బిగించేవాడట. ఆరు సీజన్లకు మూడు చుట్లు. లెక్క సరిపోయింది.

"అన్నకు తెలుసా?"

"తెల్వదు. బండి తనకు అచ్చొచ్చిందని సంబురపడేటోడు. గా సంబురం సూస్కుంట నేనెట్ల చెప్పాలె?"

మెకానిక్ అటు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. నాకూ నవ్వాగలేదు. ఈ ముచ్చట మిల్లు దగ్గర చెప్పొద్దనీ, అన్న ఇజ్జత్ పోతుందనీ డ్రైవరు బతిమాలాడు. చెప్పనన్నాను.

బిగించినవాడే విప్పాలని మెకానిక్ పానా అతనికే ఇచ్చాడు. ఒక చుట్టు విప్పాడు. రెండో చుట్టు విప్పుతూ, ఇక ట్రాక్టర్లు కూడా మనల్ని దాటుతాయని గొణిగాడు. మూడో చుట్టు దగ్గర ఆగి నావైపు చూశాడు.

నేను వంగి ఆ నట్టును చూశాను. తర్వాత తిప్పమన్నాను.

మెకానిక్ మళ్లీ పంపు కొట్టాడు. కడ్డీ మెల్లగా ముందుకు జరిగింది.