రాని దగ్గు

చాలా ఏళ్లు మా ఇంట్లో గడియారంతో పని లేకపోయింది. మా ఆయన దగ్గే మాకు గడియారం. తెల్లారకముందు పొడిదగ్గు ఒక దఫా, స్నానానికి లేస్తే ఒక దఫా, అన్నం ముద్ద గొంతు దిగితే ఇంకో దఫా. కలకత్తా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో మా కింది వాటా బెంగాలీ ఆవిడ ఆ దగ్గు విని లేచి టీ పెట్టుకునేదట. నాతో నవ్వుతూనే అనేది. నాకు మాత్రం ఒళ్లు మండేది.

ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయన్నారు డాక్టర్లు. మందుల వల్ల లాభం లేదన్నారు. ఆక్సిజన్ మిషను ఇంట్లోకొచ్చింది. ఆఖరికి ముక్కూ మొహం తెలియని ఎవరివో, ఏ తల్లి కన్నబిడ్డవో, రెండు ఊపిరితిత్తులు తెచ్చి మా ఆయనకి పెట్టారు. లోపల ఆపరేషన్ జరుగుతుంటే నేను క్యాంటీన్లో పూరీల్లాంటి లూచీ, ఆలూదం కూర తిన్నాను. కూరలో పంచదార ఎక్కువేశారని తిట్టుకున్నాను కూడా. భయం, ఏడుపు, దణ్ణాలు ఏవీ రాలేదు. పక్క బల్ల మీద ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తుంటే, ఎలా వస్తుందో అంత ఏడుపు అనుకుంటూ చూశాను.

ఆయన బతికాడు. వార్డులో వ్యాయామం చేయించే అమ్మాయి ఒకత్తి ఉండేది. ఆ అమ్మాయే నన్ను కూర్చోబెట్టి, "బౌదీ, కాశి నా ఎలేఓ కాశ్తే హబే" అని చెప్పింది. దగ్గు రాకపోయినా దగ్గాలట. కొత్త ఊపిరితిత్తులు కలిపి కుట్టేటప్పుడు లోపలి నరాలు తెగిపోతాయట. అడుగున కఫం పేరుకుంటున్నా మనిషికి తెలియదు, దగ్గు తన్నుకు రాదు. అందుకని రోజూ పనిగట్టుకుని, పొట్టలోంచి లాగి దగ్గాలి. ఆ కఫం బయటికి రాకపోతే చీము పడుతుంది, వచ్చిన ఊపిరి పోతుంది. నేను పుట్టి పెరిగిందే ఇక్కడ, బెంగాలీ అర్థం కాక కాదు. అన్నీ విని తలూపాను.

ఇంటికి తెచ్చిన రోజు మా అత్త ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట్లో పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"పొగ తగలకూడదన్నారత్తా," అన్నాను.

"బయటే తగలెడతాను గదే. ఊరందరి కళ్లూ నా కొడుకు మీదే ఉన్నాయి. నువ్వెళ్లి తలుపేసుకో."

దిష్టి తిప్పి, మెట్ల దగ్గర కుంపట్లో పోసింది. గాలి ఎటు తిరిగిందో ఏమో, ఘాటంతా మా కిటికీ మీదకే వచ్చింది. నేనూ, అత్తా, తమాషా చూడ్డానికి పైకొచ్చిన కింది వాటా ఆవిడా కళ్లమ్మట నీళ్లు కారేదాకా దగ్గాం. కిటికీ లోపల మాస్కు కట్టుకుని నిలబడ్డ మా ఆయన ఒక్కడే దగ్గలేదు.

"ఒలమ్మ! సూసావేటే? దగ్గు పోనాది! తల్లి నా మాట ఇన్నాది!" అని అత్త అక్కడే చతికిలబడి దణ్ణాలు పెట్టేసింది.

"మీకు మతి ఉందా అసలు?" అని అరిచి కిటికీ ధడాలున వేశాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. అంత సంతోషంగా ఉంది.

మా వాళ్లలో పోయిన రోగం పేరెత్తరు. అమ్మవారు పోసి తగ్గిన పిల్ల ముందు ఆ మాటే అనరు. వెళ్లిపోయింది ఇంకా వీధి మలుపులోనే ఉంటుందని, పిలిస్తే వెనక్కి వస్తుందని భయం. అలాంటి ఇంట్లో మా ఆయన పొద్దున్నే కుర్చీలో కూర్చుని కావాలని దగ్గితే ఏమవుతుంది? అత్త చెవులు మూసుకుని పరిగెత్తుకొచ్చింది.

"పోయిన దగ్గుని పేరెట్టి పిలుస్తన్నార్రా మీరు? నానొద్దంటన్నాను!"

"అత్తా, ఇది ఆ దగ్గు కాదు. ఇది మందులాటిది," అని ఎన్ని రకాలుగా చెప్పినా, గోడకి చెప్పుకున్నట్టే.

మా ఆయన మధ్యలో నలిగాడని అనను. ఆయనకీ ఆ నిశ్శబ్దం బాగుంది. రైల్లో మనుషులు దూరం జరిగి కూర్చునే బాధ తప్పినవాడు కదా. "అమ్మ బాధపడతాది. బాత్రూంలో దగ్గేస్తాన్లే," అన్నాడు. బాత్రూంలో కుళాయి తిప్పుకుంటే లోపల ఏం చేస్తున్నాడో ఎవరికి తెలుసు? రోజూ అడిగేదాన్ని, దగ్గారా అని. దగ్గాననేవాడు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉండేదంటే, యార్డులో వ్యాగన్లు తగిలించే చప్పుడు కూడా వినిపించేది.

చలి మొదలయ్యాక అన్నం సగంలో వదిలేయడం మొదలుపెట్టాడు. గొట్టంలోకి ఊదే చిన్న మిషను ఒకటిచ్చారు, ఊపిరి ఎంతుందో చూపిస్తుంది. అది తగ్గుతోంది. నిద్ర చాలడం లేదులే అనేవాడు. ఒక పొద్దున చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ మధ్యలో ఆగిపోయి, మంచం మీద కూర్చుండిపోయాడు. నేను కారు పిలిచాను. "దగ్గు లేదు గదే, ఇంకేటో నీరసం అయుంటాది," అంటూ అత్త కారు దాకా వచ్చింది.

ఆసుపత్రిలో గొట్టం వేసి లోపలి నుంచి తీశారు. జిగురు జిగురుగా, ఎన్నాళ్ల నుంచో పేరుకున్న కఫం. చీము తగ్గింది గానీ, ఈలోగా ఒళ్లు కొత్త ఊపిరితిత్తుల మీద తిరగబడడం మొదలైందని చెప్పాడు డాక్టరు. పోయిన ఊపిరి ఇక రాదు. మిగిలింది కాపాడుకోవాలి. ఎన్నాళ్లుంటుంది మిగిలింది అని అడిగాను. కొందరికి చాలా ఏళ్లు, కొందరికి అంత ఉండదు, మీ ఆయన ఎటో ఇప్పుడే చెప్పలేనన్నాడు. మళ్లీ తలూపాను. దగ్గు రాకపోతే దగ్గించడానికి ఆ అమ్మాయి ఉంది. ఏడుపు రాకపోతే ఏడిపించడానికి మాత్రం ఆ ఆసుపత్రిలో ఎవరూ లేరు. నేను మళ్లీ క్యాంటీన్‌కే వెళ్లాను.

ఇంటికొచ్చాక అత్తకి దాచకుండా అన్నీ చెప్పాను. నరాల సంగతి, కఫం సంగతి, ఇక తిరిగిరాని ఊపిరి సంగతి. ఎదురు మాట్లాడుతుందనుకుని గొంతు సవరించుకునే ఉన్నాను. ఆవిడ ఆ రోజంతా గోడ వైపు తిరిగి పడుకుంది.

శుక్రవారం పొద్దున నేను వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. అత్త దీపం పెట్టి అమ్మవారి పటం ముందు కూర్చుంది. ఆవిడ మొక్కులు నాకు కంఠతా వచ్చు. వినకుండానే వింటుంటాను.

"తల్లీ, ఆ దగ్గు పట్టుకుపో పట్టుకుపో అని ఇన్నాళ్లూ నిన్ను నానే పోరి సంపేసినాను. తెలవక అడిగీసినాను. నా కొడుకు దగ్గు నా కొడుక్కి మళ్లీ ఇచ్చీ తల్లీ."

చేతిలో బియ్యం గిన్నె అలాగే సింకులో వదిలేశాను. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఇన్నేళ్లదీ కలిపి వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు.

గదిలో మంచం కిర్రుమంది. మా ఆయన లేచి కూర్చున్నట్టున్నాడు. గట్టిగా, పొట్టలోంచి లాగి, ఒక్కసారి దగ్గాడు.

అత్త దీపం ముందు నుంచి లేవకుండానే, "ఇంకోపాలి దగ్గు బావూ," అంది.

ఆయన ఊపిరి కూడగట్టుకునేదాకా ఇద్దరం ఆగాం. మళ్లీ దగ్గాడు.