ఉక్కు రెక్కలకు మాటలు చెప్పిన ఈరన్న

శ్రవణ్ కుమార్ వచ్చేసరికి ఈరన్న తన ఇంటి గడప ముందు కూర్చుని లౌడ్‌స్పీకర్ తుడుస్తున్నాడు. ఆటో పైన కట్టే పెద్ద గొట్టం అది. ఏడాదిగా దాన్ని ఆటోకు కట్టింది లేదు. అయినా దుమ్ము పట్టనివ్వడు.

"కాకా, పాత హాలుల 'ఉక్కు రెక్కలు' సినిమా మళ్ల ఆడిస్తున్న. మొదటి భాగం. నువ్వే మాట్లాడాలె" అన్నాడు శ్రవణ్.

ఈరన్న భుజం మీది తువ్వాలను నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

"నోరు తెరవడు బిడ్డా" అంది లోపలినుంచి భార్య నర్సమ్మ. "ముందు పండ్లు పోయినకాంచి నాతోటి గూడ సైగలే. నాకైతే ఇల్లు మంచిగ సల్లబడ్డది."

అచ్చంపేటలో ఉత్త ఈరన్న అంటే ఎవరికీ తెలియదు. మైకు ఈరన్న అనాలి. పుట్టింది కోడేరులో. వయసులో ఉండగా అచ్చంపేట వచ్చి, అద్దె ఆటోకు మైకు కట్టుకుని, సినిమాలకు, సంతలకు, పోలియో చుక్కలకు, తప్పిపోయిన ఎడ్లకు ఊరూరా చాటింపు వేశాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. నడిచే ఆటోలోంచి పొడుగు మాట చెబితే దాని తల ఒక వీధికి, తోక ఇంకో వీధికి అందుతుందని తిరుగుతూనే కనిపెట్టాడు. అందుకే ఆయన మాట ఎప్పుడూ పొట్టి.

'ఉక్కు రెక్కలు' బయటి దేశపు సినిమా. మూడు భాగాలు. ఇనుప రెక్కలు కట్టుకుని ఎగిరి, ఆపదలో ఉన్నవాళ్లను కాపాడే మనిషి కథ. ఇరవై ఏళ్ల కిందటి మాట. బస్టాండు వెనక ఉన్న హాలుకు మొదటి భాగం వస్తున్నదని, తెలుగులోనే వస్తున్నదని, ఈరన్న అమ్రాబాద్ దాకా తిరిగి చెప్పాడు. హాలు నిండింది. తెర వెలిగింది. వచ్చింది హిందీ రీళ్ల పెట్టె.

జనం కుర్చీలు బాదారు. చాటింపు వేసినవాణ్ణి పట్టుకురమ్మన్నారు. హాలు యజమాని ఈరన్న చేతులు పట్టుకున్నాడు. "నువ్వు తెలుగని చెప్పినవు, ఇగ నువ్వే తెలుగు చెయ్యి" అన్నాడు.

ఈరన్నకు హిందీ రాదు. మైకులు, యాంప్లిఫయర్లు బాగుచేసే ఆజం ఆయనకు దోస్తు. ఆజంను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. సినిమా శబ్దం తగ్గించారు. తెర మీద మాటను ఆజం చెవిలో ఊదడం, ఈరన్న దాన్ని మైకులో పాలమూరు మాటగా మార్చడం. హీరోను మొదటిసారి చూసిన అమ్మాయి నువ్వెవరు అని అడిగే చోట, ఈరన్న నోట అలవాటుగా "ఎవరన్నా నువ్వు?" అని వచ్చింది. ఇక్కడ తెలియని మగమనిషిని ఎవరైనా అన్నా అనే పిలుస్తారు. ఆయన ఆటోను ఆపి వివరం అడిగే ఆడవాళ్లందరూ అలాగే పిలిచేవాళ్లు. కథ ఎటు పోతుందో ఆయన చూడలేదు కదా. విరామం తర్వాత ఆ అమ్మాయే నీళ్లట్యాంకు మీద హీరోను గట్టిగా వాటేసుకుంది.

హాలు గొల్లుమంది. "అన్నా అని పిలిచి గిదేం పనే పిల్లా!" అని నేలటికెట్టు నుంచి ఒక ముసలాయన లేచాడు.

"అప్పుడు చీకట్ల మొకం కనబడలే తాతా" అన్నాడు ఈరన్న మైకులో. "వెలుగుల ఇప్పుడు చూసింది. కూసో."

ఆ మాట కోసమే జనం మళ్లీ మళ్లీ వచ్చారు. రెండో భాగం నిజంగానే తెలుగులో వచ్చింది. అందులో హీరో పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడాడు. అరగంట ఓపిక పట్టి, "గీయన మనోడు గాదు, ఈరన్నను పిలువుండ్రి" అని అరిచారు. దానికీ, మూడో భాగానికీ మాటలు ఈరన్నవే. తర్వాత హాలు మూతపడింది. కాలం గడిచేకొద్దీ చాటింపులన్నీ రికార్డు చేసినవే అయ్యాయి. కొద్దిమంది మాత్రం ఈరన్న గొంతే కావాలని పిలిచేవాళ్లు. నిరుడు చిగుళ్ల జబ్బుతో పై ముందు పళ్లు తీసేశాక ఆయనే ఆ పని వదిలేశాడు. కట్టుడు పళ్లు పెట్టించుకున్నాడు కానీ, గొంతు పెంచితే అవి జారి మైకులో టకటక కొడతాయి. తీసేస్తే ప్రతి 'స'కూ ఈల వస్తుంది.

"ఊరంతా ఈ గొంతును మంచిగ యాదుంచుకుంది" అన్నాడు శ్రవణ్‌తో, తువ్వాల చాటునుంచి. "ఇప్పుడు ఈల వేసి నవ్వులపాలు కావాల్నా? అప్పుడు నవ్వితే నేను నవ్వియ్యబట్టి. ఇప్పుడు నవ్వితే నన్ను జూసి."

శ్రవణ్ ఆ పాత హాలునే తెరా కుర్చీలూ మార్చి మళ్లీ తెరుస్తున్నాడు. బలవంతం చేయలేదు. "ఆలోచించు కాకా. నువ్వు రానంటే తెలుగు మాటలున్నదే ఏస్త" అని వెళ్లిపోయాడు.

మరునాడు ఈరన్న ఆజం దుకాణానికి పోయాడు. ఆజం దగ్గర మొదటి భాగం పాత సీడీ ఉంది. శబ్దం ఆపేసి ఇద్దరూ బొమ్మ మాత్రం చూశారు. ఎగిరేటప్పుడు హీరోను లాగే తీగ ఒకచోట కనిపించింది. కొండ అట్టదని తెలిసిపోయింది. కానీ రెక్కలు నిజంగా ఇనుపరేకుతో చేసినవి. రివెట్లు ఒక్కొక్కటీ చేత్తో కొట్టినవి. నేల మీద దిగినప్పుడల్లా ఆ నటుడి భుజాలు కుంగుతున్నాయి.

"బరువు నిజంగ మోసిండు" అన్నాడు ఈరన్న. మైకు బ్యాటరీ భుజాన పెట్టుకుని తిరిగిన మనిషికి ఆ నడక తెలుసు. "మూడో భాగంల రెక్కలు కంప్యూటర్ల చేసిండ్రు. వాటికి బరువు లేకుండె. మొదటిదే అసలు పని."

"మరి గంత పని చేసినోళ్లకు నువ్వు మాట ఇయ్యవా?" అన్నాడు ఆజం.

ఈరన్న ఆ రాత్రి భోజనం దగ్గరే పని మొదలుపెట్టాడు. కట్టుడు పళ్లు తీసే మాట్లాడాలి కాబట్టి 'స' వచ్చే మాట ఉండకూడదు. 'శ', 'ష' అసలే వద్దు. ఆకాశం అంటే ఈల.

"మొగులు అను" అంది నర్సమ్మ, అన్నం వడ్డిస్తూ. "మా అవ్వ జన్మల ఆకాశం అనలే."

సూర్యుడు పొద్దయ్యాడు. శత్రువు పగోడు అయ్యాడు. సాయం చెయ్యి అనే చోట ఆదుకో అన్నారు. ఈరన్న అడిగిన కొద్దీ నర్సమ్మ వెతుక్కోకుండా మాట ఇచ్చింది. అవన్నీ ఇంట్లో మాట్లాడే మాటలే. 'దోస్తు' అనే మాట దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. పొద్దున్నే ఆజం దాన్ని విప్పాడు. "జిగ్రీ అను భాయ్. ఈల కాదు గదా, గాలి గూడ రాదు."

అసలు చిక్కు 'వస్త'తో వచ్చింది. హీరో పోత అనగలడు, ఉరుకుత అనగలడు, వస్త మాత్రం అనలేడు.

"పోయేదే చెప్తడు గాని వచ్చేది చెప్పడా మీ హీరో?" అంది నర్సమ్మ.

ఈరన్న పెదవుల మీదే రెండు మూడు మాటలు మార్చి చూశాడు. "వచ్చినట్టే అనుకో" అన్నాడు. ఇంకోసారి అన్నాడు. నర్సమ్మ చేతిలో గరిటె ఆగింది.

"ఇది బాగుంది" అంది. "వస్తనంటే ఎవడు నమ్ముతడు!"

శ్రవణ్‌కు కబురు పోయింది.

ఆట పగటిపూట. అచ్చంపేట వాళ్లే కాదు, కోడేరు నుంచీ నాగర్‌కర్నూల్ నుంచీ పాత ప్రేక్షకులు వచ్చారు. పిల్లలను వెంట తెచ్చుకున్నారు. ఈరన్న కట్టుడు పళ్లు తీసి జేబులో వేసుకుని, తెర పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఆజం పాత మైకునే తెచ్చి గాలి తగలకుండా స్పాంజి తొడిగాడు.

మొదటి మాటకే ఈరన్న గొంతు ముసలిదైందని హాలుకు తెలిసింది. కానీ మాట శుభ్రంగా వచ్చింది. మొగులు మీద రెక్కలు తిరిగాయి. పగోడు పారిపోయాడు. హీరో కిటికీ దగ్గర "వచ్చినట్టే అనుకో" అన్నప్పుడు ఎవరో చప్పట్లు కొట్టారు. నర్సమ్మ ముందు వరుసలో కూర్చుని, ఒక్కో మాట దాటేకొద్దీ ఊపిరి వదులుతోంది.

అప్పుడు తెర మీద ఒక కొలిమి వెలిగింది.

ఈరన్న ఆజంను చూశాడు. ఆజం తల అడ్డంగా ఊపాడు. ఈ ఘట్టం వాళ్ల సీడీలో లేదు. అప్పటి పెట్టెలోనూ లేదు. ఆ రోజుల్లో నిడివి తగ్గించడానికి కోసేసి ఉంటారు. శ్రవణ్ తెచ్చింది పూర్తి సినిమా. రెక్కలు తయారుచేసిన ముసలి కమ్మరి హీరోతో మాట్లాడుతున్నాడు. గడ్డం కదులుతోంది. హాలు ఎదురుచూస్తోంది.

"సూడు బిడ్డా" అన్నాడు ఈరన్న.

ఈల సన్నగా, పొడుగ్గా, వెనక వరుసదాకా పోయింది. ఎక్కడో ఒకరు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పక్కకు పాకింది. నర్సమ్మ కళ్లు మూసుకుంది.

ఈరన్న ఒక్క క్షణం తెరవైపే చూశాడు. కమ్మరి సమ్మెట ఎత్తుతున్నాడు. నిప్పు ఎగిరింది.

"ఏంది నవ్వుతరు?" అన్నాడు, ఆ కమ్మరి గొంతుతోనే. "కొలిమి ఊది ఊది పండ్లన్నీ పొయినయి. ఈల ఒక్కటే మిగిలింది."

హాలు గొల్లున నవ్వింది. ఈసారి నవ్వించింది తానేనని ఈరన్నకు తెలిసింది. ఇక దాచలేదు. "గిది సుత్తె. గిది సమ్మెట. గది సాన" అని కమ్మరి చేత ఈలలు వేయిస్తూ సామానంతా చూపించాడు. ప్రతి ఈలకూ పిల్లలు కేరింతలు కొట్టారు. కమ్మరి రెక్కను హీరో భుజానికి బిగించే చోట మాత్రం గొంతు తగ్గించాడు.

"రెక్క సోకుకు గాదు బిడ్డా. బరువుకు. మోసినన్ని దినాలు నీది."

ఎవరూ నవ్వలేదు. పిల్లలు కూడా కదలలేదు. ఆ తర్వాత హీరోకు ఈల లేని మాటలు, కమ్మరికి ఈల మాటలు. ఒక్క నోటితోనే రెండు గొంతులు వేరుచేసి చివరిదాకా నడిపాడు.

మరునాడు పొద్దున్నే శ్రవణ్ రెండో భాగం సంగతి మాట్లాడటానికి వచ్చాడు.

"ఆడిద్దాం" అన్నాడు ఈరన్న. మాట్లాడేటప్పుడు తువ్వాల భుజం మీదే ఉంది. "కాని పూర్తి సినిమా నాకు ముందుగాల చూపియ్యి. నిన్నటి లెక్క మళ్లొకసారి బతికి బయటపడుడు నాతోని గాదు. ఇంకోటి. దాంట్ల విలన్ ఆడమనిషి గదా. ఆమెకు మా నర్సమ్మ మాట్లాడతది."

"ఎవరు, నేనా?" నర్సమ్మ చేట పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "మతి ఉండే అంటున్నవా? పదిమందిల నేను మైకు పట్టాల్నా? చల్, నీ యవ్వారం నువ్వే చూసుకో."

"చిన్నమ్మా, నువ్వయితే మస్తుంటది" అన్నాడు శ్రవణ్.

"నువ్వు గూడ షురూ చేసినవా!" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది. బియ్యం చెరుగుతున్న చప్పుడు కాసేపు వినిపించింది. తర్వాత ఆగింది.

"ఇంతకూ ఆమె హీరోను ఏమని తిడతదంట?" అంది లోపలినుంచి.