ఏలియా చేయించని తాళం

2001 జూన్‌లో నన్ను గుడివాడ వర్క్‌షాపు నుంచి మచిలీపట్నం సర్వీస్ సెంటర్‌కు మార్చారు. హెడ్ మెకానిక్‌గా ఉన్నవాణ్ణి సర్వీస్ అడ్వైజర్‌నయ్యాను. అంటే చేతులకు గ్రీజు అంటుకునే ఉద్యోగం పోయి, జేబులో పెన్ను పెట్టుకునే ఉద్యోగం వచ్చింది. బండి లోపలికి రాగానే జాబ్ కార్డు రాసేది అడ్వైజరే. అందులో రెండు గడులు ముఖ్యం. మొదటి దాంట్లో కస్టమర్ ఫిర్యాదు ఆయన మాటల్లోనే రాయాలి. రెండో దాంట్లో మేం కనిపెట్టిన కారణం రాయాలి. అక్కడ ఏం రాస్తే కంపెనీ దృష్టిలో అదే నిజం. పెన్ను చేతికొచ్చిన కొత్తలో ఆ రెండో గడి నింపడమంటే నాకు మహా సరదాగా ఉండేది.

వచ్చిన రెండో నెలలో అవనిగడ్డ నుంచి ఫోనొచ్చింది. చేసినాయన రంగారావు గారని, గూడూరు దగ్గర పెద్ద రైతు. మా దగ్గరే కొత్త కారు కొని మూడు వారాలైంది. ఏదో ఆఫీసు పని మీద అవనిగడ్డ వెళ్తే, ఇంజను ఆగింది గాని తాళంచెవి బయటికి రావడం లేదట. పనిముట్ల పెట్టె జీపులో వేసుకుని బయల్దేరాను.

తాళం ఇరుక్కుంటే చేయాల్సిన పనులకు ఒక వరస ఉంది. ముందు స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దిగా కదిలిస్తూ తాళం తిప్పాలి. చక్రాలు వంకరగా ఆగితే స్టీరింగ్ లాక్ మీద బరువు పడి తాళాన్ని పట్టేస్తుంది. అలా కాకపోతే తాళాన్ని లోపలికి నొక్కి వెనక్కి తిప్పాలి. అప్పటికీ రాకపోతే గ్రాఫైట్ పొడి ఊదాలి. నూనె మాత్రం పోయకూడదు. తాళం దూరే గొట్టాన్ని మేం బారెల్ అంటాం. దాని లోపల సన్నటి ఇత్తడి రేకులు, వాటికి వెంట్రుకల్లాంటి స్ప్రింగులు ఉంటాయి. ఆ రేకులు సరిగ్గా లేచి దిగితేనే తాళం తిరుగుతుంది. అరగంట కుస్తీ పట్టాక తాళం ఊడి వచ్చింది. దాని గాడిలో పసుప్పచ్చటి పొడి కనిపించింది.

డ్రైవర్ ఏలియా పక్కనే నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ల మనిషి. రంగారావు గారి దగ్గరే తొమ్మిదేళ్లుగా ట్రాక్టరు, ఆ తర్వాత జీపు, ఇప్పుడు ఈ కారు నడుపుతున్నాడు.

"మోపిదేవి ఎళ్లి బండికి పూజ చేసిన కాడ్నించీ బిర్రుగా తిరుగుతుందండీ" అన్నాడు నాతో.

రంగారావు గారికి కోపం వచ్చింది. "నువ్వు చర్చికెళ్లేవాడివి, నీకు మా పూజలు గిట్టవులేరా. బండి పాడుచేసి దేవుడి మీదికి నెడతావా?" అన్నారు.

ఆయన నన్ను పక్కకు తీసుకెళ్లి అసలు సంగతి చెప్పారు. కిందటి ఆదివారం తాళాలు ఇంట్లో బీరువాలో ఉండగా, తన కారును చిలకలపూడిలో చూశామని ఎవరో అన్నారట. "బజార్లో డూప్లికేట్ కొట్టించాడేమోనని నా అనుమానమండీ. మీరు తెలిసినవారు, చూసి చెప్పండి" అన్నారు.

బజారు తాళాలు ఇత్తడివి. సరిగ్గా అరగదీయకపోతే వాటి పొడి బారెల్‌లో రాలుతుంది. గుడివాడలో అలాంటివి రెండు చూసి ఉన్నాను. పైగా తెలిసినవాణ్ణని పెద్దమనిషి అన్నాడాయె! కార్డు తీసి రెండో గడిలో "బయట చేయించిన ఇత్తడి తాళం వాడిన గుర్తులు" అని రాసి సంతకం పెట్టాను. ఏలియా చెప్పిన మాట మొదటి గడిలో రాయలేదు. కస్టమర్ అంటే ఓనరు గాని డ్రైవర్ కాదని నా లెక్క.

కారుకు కొత్త బారెల్ బిగించాం. వారంటీ కింద మార్చే బారెల్‌ను విప్పకుండా సీలు వేసి కంపెనీకి పంపాలి. ఇది వారంటీ కాదని నేనే తేల్చాను కనుక, పాతది విప్పి చూడటానికి అడ్డేమీ లేదు. విప్పలేదు. ఇనప సామాను డ్రమ్ములో పడేశాను. వారం తిరక్కుండా ఏలియాను పనిలోంచి తీసేశారు. ఆ సంగతి విని నా పరిశీలనకు నేనే మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఏడాదిన్నర తర్వాత గుడివాడ నుంచి ఒక డాక్టరమ్మ కారు ఇదే జబ్బుతో వచ్చింది. ఆవిడ కారు ఆవిడే నడుపుకునేది. వారంటీ దాటిన బండి. అనుమానించడానికి మనిషి లేకపోయేసరికి బారెల్ విప్పాను. రేకులన్నీ పసుప్పచ్చటి జిగురులో అతుక్కుపోయి ఉన్నాయి. పని ముగించి కుళాయి దగ్గర చేతులకు బట్టల సబ్బు రుద్దాను. వేళ్లకంటిన పచ్చదనం ఎర్రగా మారింది. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని బట్టలుతికే ఎవరికైనా తెలుసు. ఇత్తడి ఎర్రబడదు.

డాక్టరమ్మను అడిగితే, కొత్త కారు పూజలో తాళానికి కూడా తడి పసుపు, కుంకుమ పట్టించి, అలాగే పెట్టి స్టార్ట్ చేశామని చెప్పింది. "అందరూ అంతే చేస్తారు కదండీ!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. చిలకలపూడిలో ఎవరో చూసింది అలాంటిదే వేరే కారై ఉంటుందని అప్పుడు తట్టింది.

ఆ ఆదివారమే ఏలియాను వెతుక్కుంటూ వెళ్లాను. దొంగతాళం చేయించాడన్న మాట పాకిపోయి, గూడూరు చుట్టుపక్కల ఎవరూ అతనికి బండి ఇవ్వలేదు. అవనిగడ్డ బస్టాండు దగ్గర అద్దె ఆటో తోలుతున్నాడు. జరిగిందంతా చెప్పి, తప్పు నాదే, క్షమించమన్నాను.

"ఆ రోజే చెప్పాను గదండీ" అన్నాడు. "మిషనాసుపత్రిలో డ్రైవర్ పోస్టు ఖాళీగా ఉందండీ. పాత ఓనరుగారిని అడిగి తీసుకుంటారంట. ఇదే ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తారా?" అని అడిగాడు.

రెండు రోజుల్లో తెస్తానన్నాను.

మా వర్క్స్ మేనేజర్ ఒప్పుకోలేదు. మూసేసిన కార్డు దిద్దకూడదు, రాసిస్తే పాత బారెల్ ఏదని కంపెనీ అడుగుతుంది, నీకే చుట్టుకుంటుంది అన్నాడు. రంగారావు గారికి ఫోను చేస్తే, "ఇప్పుడవన్నీ ఎందుకులెండి, వేరే మనిషి కుదిరాడు" అన్నారు. ఆసుపత్రివాళ్లు అడిగితే ఏం చెబుతారని నేను అడగలేదు. ఒక తెల్లకాగితం మీద నా పేరుతో నేనే రాసివ్వొచ్చు. నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. కుర్చీ పోతుందని భయపడ్డాను, అంతే. రెండు రోజులు రెండు వారాలయ్యాయి. ఆ పోస్టు మరొకరికి వెళ్లింది. తర్వాత అవనిగడ్డ వెళ్లినప్పుడల్లా బస్టాండు వైపు పోకుండా చుట్టు తిరిగి వెళ్లేవాణ్ణి.

రిటైరయ్యేదాకా మళ్లీ ఏ బారెలూ విప్పకుండా కారణం రాయలేదు. డ్రైవర్లు చెప్పినదీ కార్డులో రాయాలని కొత్తవాళ్లకు నేర్పాను. అది పనికి సంబంధించిన పాఠం. రెండోది నాకు సంబంధించినది. ఏలియా తప్పు చేశాడని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. తప్పు నాదని మాత్రం నోటితో చెప్పి వచ్చేశాను. నోటిమాటను అతను ఆసుపత్రిలో చూపించలేకపోయాడు.