అద్దం గదిలోంచి వచ్చే నవ్వు

మా అక్క స్కానింగ్ సెంటర్లో టెక్నీషియన్. నేను అక్కడే ముందు కౌంటర్లో చీటీలు రాస్తాను. ఇద్దరం ఒక్క కడుపున పుట్టామంటే ఎవరూ నమ్మరు. నా ముఖం చూస్తే పాలు విరిగిపోతాయని మా ఆయన అంటాడు. కాదని నేనూ వాదించను.

అక్క రోజూ అరగంట ముందే వస్తుంది. మిషన్ గది తలుపేసుకుని, స్కానింగ్ బల్ల పక్కన మోకాళ్లూని, ఆరోజు ఆ బల్లమీద పడుకోబోయేవాళ్ల కోసం ప్రార్థన చేస్తుంది. ఎవరొస్తారో ముందు తెలియదు కాబట్టి చీటీ నంబర్లే దేవుడికి చెప్పుకుంటుంది. "నంబర్లు చెప్పడానికి ఆయనేమైనా నా కౌంటర్లో కూర్చున్నాడటే?" అని ఏడిపించేదాన్ని. బావ చనిపోయిన ఏడాది కూడా అది మానలేదు. అప్పుడు తలుపు వెనకనుంచి ఏడుపు వినపడేది. కాసేపటికి కళ్లు కడుక్కుని, తలుపు తీసి, ఒకటో నంబరుని నవ్వుతూ పిలిచేది. అది నటన కాదు. నటిస్తే నాకు తెలిసిపోదూ.

మా పనిలో ఒక చిక్కుంది. రిపోర్టు చెప్పాల్సింది డాక్టరుగారు, అదీ మర్నాడు. కానీ మిషన్ గది పక్కనే ఉన్న అద్దం గదిలో కూర్చుని స్క్రీను మీద ముందు చూసేది టెక్నీషియన్. అందుకే బల్ల దిగేవాళ్లంతా ఆ ముఖంలోనే రిపోర్టు వెతుక్కుంటారు. అలాగే ఒక టీచరమ్మ అక్క నవ్వు చూసి, ఏమీ లేదనుకుని హాయిగా ఇంటికెళ్లింది. మర్నాడు రిపోర్టులో గడ్డ. ఆపరేషన్ అయ్యాక, "నవ్వి నన్ను మోసం చేసింది" అని మేనేజరుకి ఫిర్యాదు రాసింది.

మేనేజరు అక్కని పిలిచి, "ఇకమీదట మీ ముఖంలో ఏదీ కనపడకూడదు. ఇంకొక్క మాట వచ్చిందా, పాత ఫైళ్ల గదికి పంపించేస్తాను" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అక్క సరేనంది. కానీ ఆ బల్ల దగ్గర్నించి తీసేస్తే తనేమైపోతుందో నాకు తెలుసు. బావ పోయాక తనని నిలబెట్టింది అక్కడ మోకరించడమే.

మర్నాడు అక్క ముఖం బిగబట్టుకుని పని చేసింది. మొదట వచ్చిన పెద్దాయన బల్ల దిగి, "ఇంకెన్నాళ్లుంటానమ్మా?" అని అడిగాడు. ఆయన వచ్చింది నడుం పట్టేసిందని. రెండో ఆవిడ ఏమీ అడగలేదు. తిన్నగా నా కౌంటరు దగ్గరికొచ్చి, కూతురికి ఫోన్ చేసి, నగలు ఎక్కడ దాచిందో చెప్పేసింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మూడోరోజు ఆ టీచరమ్మే మళ్లీ వచ్చింది, గడ్డ తీసినచోట ఎలా ఉందో చూపించుకోడానికి. నేను ఫైలు పట్టుకుని లోపలికెళ్లాను. నోరు మూసుకోమని అక్క కళ్లతోనే చెప్పింది. లేకపోతే ఆవిణ్ణి అక్కడే కడిగేసేదాన్ని.

టీచరమ్మ బల్లమీద కూర్చుని అక్క వంక చూసింది. "అలా ఉన్నారేమిటి, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందమ్మా. మీరు మళ్లీ పొరపాటు పడకూడదని."

"ఒకటడుగుతాను. ఆరోజు గడ్డ చూశారా?"

"ఏదో ఉందని తెలిసిందమ్మా."

"తెలిసీ నవ్వారా?"

అక్క తల దించుకోలేదు. "అద్దం వెనకే మీకోసం ప్రార్థన చేసుకున్నాను. ఏమొచ్చినా ప్రభువు మిమ్మల్ని ఒంటరిగా వదలడని మనసుకి గట్టిగా అనిపించింది. బయటికొచ్చేసరికి అదే ముఖంలోకి వచ్చేసింది. అంతా బాగుందని చెప్పడానికి కాదమ్మా నవ్వింది. మీకలా అనిపించినందుకు క్షమించండి."

టీచరమ్మ మెల్లిగా పడుకుంటూ, "నేను దిగేటప్పుడు అప్పటిలాగే నవ్వండి. లోపల ఏమున్నా సరే" అంది.

స్కానింగ్ అయ్యి ఆవిడ బల్ల దిగుతుంటే అక్క నవ్వింది. స్క్రీను మీద ఏం కనపడిందో, పుట్టినప్పట్నించీ ఆ ముఖం చూస్తున్న నాకే అంతుపట్టలేదు.

తర్వాత టీచరమ్మ నా కౌంటరు దగ్గరికొచ్చి, తెల్లకాగితం అడిగి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని రాసింది. నా నోరు ఊరుకోదుగా, "రేపు రిపోర్టు చూసుకున్నాక రాయొచ్చుగా" అన్నాను.

"రిపోర్టు ఎలా వచ్చినా ఇదే రాస్తానమ్మా" అంది.

ఆ కాగితం మేనేజరు గదికి నేనే తీసుకెళ్లాను. "ఏమిటది?" అన్నాడు. "మా అక్క గురించి" అన్నాను. ఆయన కూర్చోమన్నా కూర్చోలేదు. చివరి అక్షరం దాకా చదివేవరకూ తలెత్తుకుని నిలబడ్డాను.