ఎదురుబోల్టు అప్పలకొండ

మా అప్పలకొండ మావ ఏ పనినీ మొదలుపెట్టిన చోటే పూర్తిచేసిన పాపాన పోలేదు. ఇక్కడ కాస్త చేసి, ఎదురుగా వెళ్ళి అక్కడ కాస్త చేసి, మళ్ళీ ఇక్కడికి వచ్చేవాడు. మనిషికి ఉన్నది ఈ ఒక్క రోగమే. దానికి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు మందివ్వకపోగా జీతమిచ్చి పోషించింది.

మావ డీజిల్ షాపులో గాస్కెట్లు వేసే ఫిట్టరు, నేను అతని పక్కన హెల్పర్ని. ఇంజను సిలిండరుకీ దాని పైమూతకీ నడుమ పెట్టే పల్చటి పొర గాస్కెట్టు. అది సరిగ్గా కూర్చోకపోతే నీళ్ళు నూనెలోకి దిగేవి, నూనె నేలమీదకి దిగేది, ఫోర్‌మన్ విల్‌ఫ్రెడ్ సాహెబు మా మీదకి దిగేవాడు.

మావ పాత గాస్కెట్టు ముక్కల్ని గీకి, తుడిచి, వేలితో తడిమి, మళ్ళీ తుడిచేవాడు. దేవుడి పటాన్ని కూడా ఎవరూ అంత భక్తిగా తుడవరు. కొత్తది పెట్టి, బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి, అప్పుడు స్పానరు పట్టేవాడు. నడిమి బోల్టుకు పావు తిప్పు. దాని ఎదురుబోల్టుకు పావు తిప్పు. అలా ఇటూ అటూ చివర్లదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికి. ఒక బోల్టును ఒకేసారి బిగించేసినవాణ్ణి హంతకుణ్ణి చూసినట్టు చూసేవాడు.

"జల్దీ కరో మ్యాన్! నా రిటైర్మెంటు లోపల ఈ ఇంజను బయటికెళ్తుందా?" అని సాహెబు అరిచేవాడు.

"ఎల్తాది సాయిబూ. ఒక పక్కే నొక్కేస్తే గాస్కెట్టు రెండో పక్క లేచిపోతాది. ఏ బోల్టు ఎక్కువ నొక్కినాదో దానికి తెలకూడదు."

సాహెబు గుండెల మీద శిలువ గీసుకుని వెళ్ళిపోయేవాడు. తీరా చూస్తే మావ బిగించిన ఇంజను కింద చుక్క కూడా పడేది కాదు. తిట్టడానికి కూడా వీల్లేని మనిషి, ఏం చేస్తాం!

తాల్‌బగీచా పేటలో మావ ఇంటి దగ్గరా ఇదే తంతు. సున్నం వెయ్యమంది చిలకమ్మత్త. తూర్పు గోడకో మూల వేసి, పడమటి గోడకు ఎదురు మూల వేశాడు. ఎండల్లో మొదలైన సున్నం వానల్లో గానీ ముగియలేదు.

"ఒక్క గోడయినా తెల్లగా సూడకుండా సచ్చిపోతానేటో!" అని అత్త మొత్తుకునేది.

పిల్లల్ని తిట్టడమూ అంతే. పెద్దాణ్ణి కొంచెం, చిన్నాణ్ణి కొంచెం, మళ్ళీ పెద్దాణ్ణి. "ఒకేసారి తిట్టెయ్ నాన్నా, ఆటకెల్లాల" అని పెద్దాడు బతిమాలేవాడు.

ఇలా ఉండగా మా షాపులోనే పనిచేసే దేముడు జ్వరంతో పోయాడు. అతని భార్య దాలమ్మ అభిమానంగల మనిషి. పెద్దకర్మ భోజనాలు ఎవరి సాయమూ లేకుండా తనే పెడతానంది. ఆ భోజనంలో ఒక్కరు ఆకలితో లేచినా పోయినవాడికి అన్నం అందదని ఆవిడ నమ్మకం.

పొద్దుటి షిఫ్టు దిగి వచ్చే మాకు సరిపడా వండింది. తీరా ఆ రోజు కరెంటు పోయి షాపు మూసేశారు. పనిలో ఉండాల్సిన రెండో షిఫ్టు కూడా దేముడి పేరు చెప్పుకుని ఒక ముద్ద తిందామని మా వెనకే వచ్చేసింది. రేషను బియ్యం రోజులవి. అప్పటికప్పుడు ఇంకో శేరు పుట్టించే దారి లేదు.

క్వార్టర్ల మధ్య సందులో ఎదురెదురుగా రెండు బంతులు కూర్చున్నాయి. సాల చెట్టు ఆకుల విస్తళ్ళు వేశారు. పెరట్లో అన్నం గుండిగ పక్కన దాలమ్మ గోడకు చేరబడిపోయింది.

"మా ఆయన పేరు పోనాది అన్నయ్యా."

మావ గుండిగలోకి చూశాడు, బంతుల వైపు చూశాడు. "నువ్వు లోపలికెల్లమ్మా" అని గరిటె అందుకుని, అన్నం బకెట్టు నా చేతికిచ్చాడు.

ఈ బంతి నడుమ ఒకడికి గరిటెడు. ఎదురు బంతిలో ఒకడికి గరిటెడు. మళ్ళీ ఇటు. మళ్ళీ అటు.

"ఏటి మావా, పక్కోడికేసి నన్నొగ్గేసినావు?"

"వస్తన్నాను, కూకో."

"మేవేటి, ఇంజన్లనుకున్నావేటి?"

"ముందు పప్పు కలుపుకో."

చుట్టుకీ చుట్టుకీ మధ్య మంచినీళ్ళు పోయించాడు. కర్మ భోజనంలో నవ్వకూడదని అందరికీ తెలుసు. తలలు వంచుకుని విస్తళ్ళలోకి నవ్వారు. మావను చూసే సంబరంలో బకెట్టు వైపు ఎవరూ చూడలేదు. నేను చూశాను. గుండిగ ఎప్పుడో ఖాళీ అయింది, బకెట్టుకీ అడుగు కనబడుతోంది.

"మావా, అన్నం..." అంటుండగానే నా కాలు తొక్కాడు.

మూడో చుట్టుకి, బంతిలో కూర్చున్న విల్‌ఫ్రెడ్ సాహెబు విసిగిపోయి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "బస్, అప్పల్‌కొండా! పేట్ భర్ గయా!"

"ఒగ్గెయ్ మావా, నీకు దండవెడతాను!" అని మిగతావాళ్ళూ అందుకున్నారు.

"ఇంకొంచెం ఎయ్యించుకోండర్రా" అంటూ మావ ఖాళీ గరిటె ఊపుకుంటూ రెండు బంతుల్నీ బతిమాలాడు. వద్దంటే వద్దని అందరూ లేచిపోయారు.

వాళ్ళు వెళ్ళాక దాలమ్మ బయటికొచ్చింది. "సరిపోనాదా అన్నయ్యా?"

"సరిపోడవేటి? ఒద్దొద్దని నన్ను తిట్టిపోసినారు. నువ్వే ఇన్నావు గదా."

మొగుడు పోయాక మొదటిసారి ఆవిడ ముఖం తేటపడింది. "మరి నువ్వు తిన్నావా?"

"శుబ్బరంగా తిన్నానమ్మా."

ఆ క్షణాన ఆ మనిషి మీద నాకెంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

తిరిగి వస్తూ పూరీ గేట్ దగ్గర బెంగాలీ దాదా టీ దుకాణంలో కూర్చున్నాం. సింగాడాలని అక్కడ పిలిచే సమోసాల ప్లేట్లు రాగానే మావ తన ప్లేటు ఈ చివర మొదలుపెట్టి, తలెత్తకుండా ఆ చివరిదాకా ఒక్క ఊపున లాగించేశాడు. నోరు తెరుచుకుని చూస్తున్న నా ముందునుంచి నా ప్లేటు కూడా లాక్కున్నాడు.

"ఏటలగ సూస్తన్నావు? ఆకలేస్తంది నాకు. దాదా, ఈడికింకో ప్లేటు!"