అత్తయ్య వేలికి లొంగని గ్లాసు

మా ఆయనకు వస్తువుల మీదున్న ప్రేమ మనుషుల మీద ఉంటే మా ఇల్లు ఈపాటికి స్వర్గమయ్యేది. రిమోటుకు ప్లాస్టిక్ కవరు, సోఫాకు కవరు, ఆ కవరు మాయకుండా దాని మీద దుప్పటి. అలాంటి మనిషి వాళ్ళమ్మకు టచ్ ఫోను కొంటే ఊరుకుంటాడా? తిరువూరు బస్టాండు దగ్గర షాపులో దాని తెర మీద మందపాటి గ్లాసు అంటించి మరీ తెచ్చాడు.

"కింద పడితే గ్లాసు పోద్ది, ఫోను మిగులుద్ది" అన్నాడు గొప్పగా.

మిగిలి ఏం లాభం? పత్తి తీసి, మిరపకాయలు కోసి అత్తయ్య వేళ్ళు అరిగిపోయాయి. రేషను మిషను మీదే ఆవిడ వేలిముద్ర పడదు. ఫోను మోగితే వేలు నాలుకతో తడి చేసుకుని ఆ గ్లాసు మీద రుద్దేది. పలికితే పలికేది, లేకపోతే లేదు. "అమ్మాయ్, ఇది ఎత్తవే" అని కేకేస్తే పొయ్యి మీద కూర వదిలేసి నేను పరుగెత్తాలి. ఆ గ్లాసు పీకించమని మా ఆయనతో ఎంత పోరినా "అలవాటైపోద్దిలే" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది.

అత్తయ్యకు మిగిలిన పుట్టింటి మనిషి వాళ్ళక్క ఒక్కతే. గంపలగూడెంలో ఉంటుంది. మొన్న ఆవిడ గుండెకు స్టెంటు వేయించాలని విజయవాడ తీసుకెళ్ళారు. ఆ సాయంత్రం నేను డాబా మీద ఎండు మిరపకాయలు ఎత్తుతుంటే, అత్తయ్య మోగుతున్న ఫోను పట్టుకుని మెట్ల కింద నుంచి అరుస్తోంది. నేను దిగేసరికి ఆగిపోయింది. అక్క నంబరే. తిరిగి చేస్తే స్విచ్చాఫ్. వాళ్ళబ్బాయికి చేస్తే మోగుతోంది గానీ ఎత్తడు.

ఇక అత్తయ్య కాలు కాలిన పిల్లే. కూర్చోదు, పడుకోదు, మెతుకు ముట్టదు. "అక్క ఏం చెబుదామనుకుందో" అని అన్నదే అంటుంది. తెల్లారాక నాకూ చేతులు ఆడలేదు, పాలు పొంగిపోయాయి. "ఊరికే కంగారు పడమాకండి" అంటూనే మా ఆయన ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి ఇంట్లోకి తిరుగుతున్నాడు.

అప్పుడు మోగింది. అక్కే. అత్తయ్య రుద్దుతోంది, తెర మీద గుర్తు కదలదు. నేను చేయి చాపితే ఫోను గుండెకు అదుముకుని "నేనే ఎత్తుతా" అంది ఏడుస్తూ. ఇక నావల్ల కాలేదు. ఆవిడ చేతిలోనే గ్లాసు అంచు కింద గోరు దూర్చి లాగేశాను. పెళుక్కుమని ఊడొచ్చింది.

"ఏయ్, నీకేమన్నా పిచ్చా!" అని మా ఆయన అరిచేలోపే అత్తయ్య వేలికి ఫోను పలికింది. నేను స్పీకరు నొక్కాను.

"ఏమే, నిన్న ఎత్తలేదేం?" అక్క గొంతు నీరసంగా ఉంది. "లోపలికి తీసుకెళ్తామన్నారు. మళ్ళీ వస్తానో లేదోనని భయమేసింది. నీ గొంతొకసారి వినిపోదామని చేశానే."

మా ఆయన నా చేతిలోని గ్లాసునే చూస్తున్నాడు. అత్తయ్య కొడుకు వంక చూసింది. కళ్ళు తుడుచుకుంది.

"పెరట్లో ఉన్నానక్కా" అంది. "వినపడలా."